తలపాగా విప్పని ప్రార్థన

ఆ ఫ్లెక్సీ కట్టించింది నేనే. ముందే చెప్పేస్తున్నాను. ఎవరో చెప్పగా మీకు తెలియడం నాకు ఇష్టం లేదు.

మా మనుమరాలికి సర్కారు దవాఖానలో నర్సు ఉద్యోగం వచ్చిందని తెలిసిన పొద్దున నేను చర్చి వాకిట్లో వేపాకు ఊడుస్తున్నాను. పిల్ల ఫోను చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. చీపురు అక్కడే పడేశాను. మా నాయిన దొర దగ్గర జీతం ఉన్నాడు. నేనూ పన్నెండేళ్ళు జీతం ఉన్నాను. అంటే ఏడాది పొడుగునా పశువులతో పాటు చాకిరీ, కల్లం నాడు ఇన్ని గింజలు. మా వంశంలో నెల తిరిగితే జీతం తీసుకోబోయే మొదటి మనిషి ఈ పిల్ల. తల్లీ తండ్రీ చిన్ననాడే పోతే నా చేతుల మీద పెరిగింది. ఇంత సంగతి నలుగురికీ చెప్పుకోకుండా ఎట్లా ఉండేది?

నకిరేకల్ పోయాను. ఫ్లెక్సీల దుకాణంలో కుర్చీ లాక్కుని కూర్చుని నా చేత్తో నేనే మాటలు రాసిచ్చాను. నేను ఏ బడికీ పోలేదు. బావులు తవ్వేవాణ్ణి. తట్ట మోస్తూ దుకాణాల బోర్డులు చదివి, బస్సుల మీద ఊర్ల పేర్లు చదివి, ఆదివారం పూట పాటల పుస్తకంలో వేలు పెట్టి నడిపి అక్షరాలు పట్టుకున్నాను. అందుకే రాతంటే నాకు కొంచెం పొగరు. పిల్ల ఫొటో ఇచ్చాను: చర్చిలో బలిపీఠం ముందు మోకాళ్ళ మీద ఉంది, తెల్లంగీలో మా పాస్టరు అయ్యగారు ఆమె తల మీద చెయ్యి పెట్టి ఉన్నాడు, వెనక కొయ్య సిలువ. పైన ‘మా సంఘపు ముద్దుబిడ్డ’ అని, కింద ఆమె చర్చి పేరు గజమంత అక్షరాలలో.

దుకాణపాయన అడిగాడు: “తాతా, ఇంకో పేరు గూడ చెప్తున్నవు. ఏ పేరు పెట్టాలె?”

“రెండూ పెట్టు. చర్చి పేరు పెద్దగ పెట్టు. బడి పేరు పక్కన బ్రాకెట్ల పెట్టు.”

బ్రాకెట్టు ఎట్లా పెట్టాలో కూడా నేనే గీసి చూపించాను.

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. మా వాడలో మాకందరికీ రెండేసి పేర్లు. మా చర్చి పాత పద్ధతి చర్చి, ఇంగ్లీషు దొరల నాటిది. ప్రార్థనలు అచ్చు పుస్తకంలోంచి చదువుతారు, పసిపిల్లలకే నీళ్ళు పోసి బాప్తిస్మం ఇస్తారు. అప్పుడు బైబిలులోంచి ఒక పేరు పెడతారు, దాన్ని రిజిస్టరులో ఎక్కిస్తారు. బడిలో చేర్పించేటప్పుడు మాత్రం అవ్వ పేరో, తాత పేరో రాయిస్తారు. కులం కాగితం ఆ బడి పేరు మీద వస్తుంది. ఎందుకంటే కిరస్తానమని రాస్తే మేము ఎస్సీలం కాము. బీసీలలో ఒక చిన్న ముక్క కింద పడతాం. ఆ ముక్కలో ఉద్యోగాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని.

చట్టం అట్లా ఉంది. ఉండనీ. నేను ఒక్కటి అడుగుతాను. నా పడుచుతనంలో ఊరి హోటల్లో నా గ్లాసు వేరు. గుంజకు కొట్టిన మేకుకు తగిలించి ఉండేది. తాగి, కడిగి, మళ్ళీ అక్కడే తగిలించాలి. ఆ హోటలాయన ఒక్కనాడైనా నన్ను, “నీకు బాప్తిస్మం అయ్యిందా? అయితే లోపలి గ్లాసు తీసుకో” అన్నాడా? అనలేదు. దిగుడుబావి మెట్ల మీద నన్ను ఆపినవాళ్ళు నా రిజిస్టరు చూశారా? చూడలేదు. గ్లాసు దగ్గర, బావి దగ్గర కులం ఉంది. ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి అది బాప్తిస్మం నీళ్ళకు కొట్టుకుపోయింది.

సరే. రెండు పేర్లూ ఒకే గుడ్డ మీద అచ్చేసి, ఊరి బయట నాలుగు బాటలు కలిసే చోట రెండు కరెంటు స్తంభాలకు కట్టించాను. రెండు రోజులు గాలికి ఊగింది. మూడో రోజు అయ్యగారు నల్లగొండ నుంచి వస్తూ జీపు ఆపి, బానెట్ మీదికెక్కి దాన్ని విప్పుతున్నాడు. నేను ఉరికాను.

“పెద్దయ్యా, ఇది ఎవరు రాసిన్రు?” అన్నాడు పైనుంచి.

“నేనే. ఏం, తప్పులున్నయా?”

ఆయన బ్రాకెట్ల దాకా మొత్తం మళ్ళీ చదివాడు. “అక్షరం తప్పు లేదు పెద్దయ్యా,” అన్నాడు. మడత పెట్టి జీపులో వేసుకుని పోయాడు. నాకు కోపం వచ్చింది. వారం వరకూ సంగతి అర్థం కాలేదు.

మా అయ్యగారి గురించి చెప్పాలి. రాష్ట్రం వచ్చిన ఏడే మా ఊరికి వచ్చాడు. అచ్చంపేట అవతల అడవి అంచు ఊరివాడు. సన్నటి మనిషి, గట్టి గొంతు. వచ్చిన నెలకే ఒక పాత జీపు సంపాదించాడు. మా పక్క నీళ్ళు ఫ్లోరైడుతో ఎముకలు వంచేసే నీళ్ళు. నడుం లేవని ముసలివాళ్ళు, కాళ్ళు వంకరపోయిన ఆడవాళ్ళు ఊరూరికీ ఉన్నారు. వాళ్ళను నల్లగొండ పెద్ద దవాఖానకు తీసుకుపోవడం, పింఛను కాగితాలు నింపడం, ఆపరేషన్ అయినవాళ్ళను మంచంతో సహా ఇంటికి చేర్చడం, ఇదే ఆయన పని. ఆదివారం రెండు గంటలు ప్రార్థన, మిగిలిన వారమంతా ఇది.

గంట కొట్టేది నేను. చర్చి తాళాలూ నా మొలతాడుకే. ఆదివారం గంట పొడుగ్గా కొడతాను. జీపు నల్లగొండ పోయేరోజు మూడే దెబ్బలు. ఆ మూడు దెబ్బలు వింటే కులమతాలు లేకుండా వచ్చి ఎక్కుతారు. ఒకసారి ఒక కురుమ ఆయన రోగం వచ్చిన గొర్రెను సంకలో పెట్టుకుని వచ్చాడు.

“ఇది మనుషుల దవాఖానకు పోయే జీపురా బాబూ,” అన్నాను.

“నువ్వు ఎక్కుతలేవా తాతా? ఇది నీకన్న నయం, నోరు లేదు,” అన్నాడు.

గొర్రె ఎక్కింది. జీపులో అయ్యగారి నియమం ఒక్కటే: కులం ముచ్చటగానీ తగాదా ముచ్చటగానీ తీస్తే దింపేస్తాడు. నిజంగానే దింపేస్తాడు. పెద్ద కాపు ఒకాయన్ను నడి ఎండలో దింపడం నేను చూశాను.

మంగళవారం, శుక్రవారం ఎక్కే మనిషి మా ఎదురింటి ఆయన. మా వాడవాడే, నాకు తమ్ముడి వరస. మూత్రపిండాలు చెడి, వారానికి రెండుసార్లు నల్లగొండలో మిషన్ మీద రక్తం కడిగించుకుంటాడు. వాళ్ళ నాయిన చర్చికి వచ్చేవాడు, ఈయన మానేశాడు. పిల్లలకు బాప్తిస్మం ఇప్పించలేదు. ఆయన బిడ్డ, మా మనుమరాలు ఒకే కాలేజీలో నర్సు చదివారు. ఒకే పుస్తకం ఇద్దరూ చదువుకున్నారు. పరీక్షా కలిసే రాశారు. ఎస్సీల పట్టికలో మా పిల్ల పేరుంది. ఆ తర్వాతి పేరు ఆ పిల్లది. మా పిల్ల పోతే ఉద్యోగం ఆ పిల్లకు.

పది రోజులకు నోటీసు వచ్చింది. మా పిల్ల కులం కాగితం మీద ఎవరో ఫిర్యాదు ఇచ్చారని, విచారణ అయ్యేదాకా ఉద్యోగపు ఉత్తర్వు ఆగిందని, బుధవారం నాడు మండలాఫీసుకు రావాలని, చర్చి అయ్యగారు బాప్తిస్మాల రిజిస్టరు తీసుకురావాలని. ఫిర్యాదు వెనక నా ఫ్లెక్సీ ఫొటో అంటించి ఉంది. రెండు పేర్లు, బ్రాకెట్లు, అన్నీ స్పష్టంగా. రాసిందెవరో అడగనక్కర లేదు. ఎదురింటి ఆయన దాచుకోలేదు కూడా.

ఆ సాయంత్రం అయ్యగారి దగ్గరికి పోయాను.

“అయ్యగారూ, మీరు వచ్చేనాటికి పిల్లకు పదేండ్లు. నీళ్ళు పోసింది పాత అయ్యగారు, ఆయన పోయిండు. సాక్ష్యం ఆ పుస్తకం ఒక్కటే. చెదలు తిన్నయని చెప్పున్రి.”

“చెదలు తినలేదు గదా పెద్దయ్యా.”

“తినిపిద్దాం.”

ఆయన నవ్వలేదు. “పుస్తకం తీసుకపోత. నువ్వు ఫికర్ పడకు,” అన్నాడు.

“ఫికర్ పడకనా? మీరు పుస్తకం తెరిస్తే నా పిల్ల బతుకు మూతపడ్తది!”

“ఆ పిల్ల నాకు తెల్వదా?” అన్నాడు.

తెలియకేం? పదేళ్ళ పిల్లను జీపు ముందుసీట్లో కూర్చోబెట్టుకుని బాట పొడుగునా ఇంగ్లీషు నేర్పింది ఆయనే. హాస్టల్లో చేర్పించింది ఆయనే. రోగి చెయ్యి ఎట్లా పట్టుకోవాలో ఆ జీపులోనే నేర్చుకుంది పిల్ల. అట్లాంటి మనిషి ఇట్లా మాట్లాడితే గడప మీది నుంచే వెనక్కి తిరిగి వచ్చేశాను.

మంగళవారం వచ్చింది. పొద్దున్నే జీపు తీశాడు.

“పెద్దయ్యా, గంట?”

“నా చెయ్యి నొస్తాంది.”

“నిన్న నొయ్యలే.”

“నిన్న ఆయన ఎక్కేది లేకుండె.”

అయ్యగారు నా ముఖం చూశాడు. “ఆయన రక్తం మంగళారం, శుక్రారం కడుగుతరు. మన కోపం తగ్గేదాక మిషన్ ఆగదు,” అని తానే పోయి తాడు లాగాడు. చేతకాలేదు. మూడో దెబ్బ ఎంతో ఆలస్యంగా, సగమే పడింది.

ఎదురింటి ఆయన సంచీ పట్టుకుని వచ్చాడు. పాదాలు ఉబ్బి ఉన్నాయి. నన్ను దాటి పోతూ ఆగాడు.

“అన్నా, నీ పిల్ల మీద నాకు కక్ష లేదు. నా బిడ్డ గూడ చదివింది.”

“చదివితే పరీక్ష మంచిగ రాయాలె. చాడీలు రాసుడెందుకు?”

“నాలుగు బాటల కాడ నువ్వు రాసిందే నేను రాసిన అన్నా. నా సొంతం ఒక్క అక్షరం లేదు.”

నోటికి వచ్చినట్టు తిట్టాను. జీపు పోయింది.

పన్నెండు గంటలకు ఎండ కొడుతుంటే చర్చి తాళం తీశాను. నా తాళంచెవులు, నా చర్చి, దొంగతనంగా పోయినట్టు లేదు నాకు. అల్మారాలోంచి రిజిస్టరు తీశాను. గుడ్డ అట్ట, ముదురు రంగు సిరా, ఒక్కో అయ్యగారిది ఒక్కో చేతిరాత. నా పేరు కనపడింది. నా కొడుకు పేరు కనపడింది. తర్వాత పిల్ల పేరు, పుట్టిన ఊరు, తండ్రి పేరు, పక్కనే బడిలో పెట్టబోయే పేరు కూడా. పాత అయ్యగారు జాగ్రత్తపరుడు, రెండూ రాసేవాడు.

ఎండిన కాగితం చింపితే చప్పుడు వస్తుంది. వేలు నాలుకతో తడిపి, కుట్టు వెంబడి పైనుంచి కిందికి నాలుగుసార్లు తడి అద్దాను. మెత్తబడ్డాక లాగితే వచ్చేసింది. వెనక పక్క ఏముందో తిప్పి చూడలేదు. నాలుగు మడతలు పెట్టి తలపాగాలో దోపుకున్నాను. కాల్చేద్దామనే అనుకున్నాను. పొయ్యి దాకా పోయి ఆగాను. అందులో పిల్ల తండ్రి పేరు ఉంది కదా, నా కొడుకు పేరు.

బుధవారం జీపు దగ్గర ముగ్గురం. రిజిస్టరు గుడ్డలో చుట్టి పిల్ల ఒళ్ళో పెట్టుకుంది. అయ్యగారి చేతిలో ఒక అట్టముక్క ఉంది. దాని మధ్యలో బ్లేడుతో సన్నటి కిటికీలాగా కోసి ఉంది. “అదేంది?” అన్నాను. “పనికొస్తది,” అన్నాడు. బయలుదేరే ముందు ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేస్తాడు. ఆ రోజూ చేశాడు. నేను తల వంచి నిలబడ్డాను. ఆమెన్ అన్నాను. పిల్ల నన్ను ఒకసారి చూసింది. ఆయనా చూశాడు. జీపు ఎక్కాం.

మండలాఫీసు బయట మా సంఘపువాళ్ళు పది పదిహేను మంది చింతచెట్టు కింద నిలబడి ఉన్నారు. మాకు తోడు వచ్చారనుకుని సంతోషపడ్డాను. ఎవరూ నా కళ్ళలోకి చూడలేదు.

లోపల తాసిల్దారు మేడం, పక్కన గిర్దావరు, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. ఎదురింటి ఆయన నిలబడలేడని కుర్చీ వేశారు. మేడం ఫొటో ముందుకు జరిపి పిల్లను అడిగింది.

“ఈ ఫ్లెక్సీల ఉన్నది నువ్వేనామ్మా?”

“నేనే మేడం.”

“బాప్తిస్మం అయ్యిందా?”

కాలేదంటుందని అనుకున్నాను. పిల్ల అన్నది: “అయ్యగారు పుస్తకం తెచ్చిన్రు మేడం. చూడున్రి.”

నా చెవులు నేను నమ్మలేదు. అయ్యగారు గుడ్డ విప్పి, అట్టముక్క పక్కన పెట్టుకుని పేజీలు తిప్పాడు. ముందుకు తిప్పాడు. వెనక్కి తిప్పాడు. గిర్దావరు లేచి వచ్చి వంగి చూశాడు.

“నలభై తర్వాత నలభై మూడు ఉన్నది. నడుమ కాయితం ఏది పాస్టర్ గారూ?”

అయ్యగారు చింపిన చోట వేలు పెట్టి ముట్టి చూశాడు. కాగితపు నూగు ఇంకా పచ్చిగా ఉంది. తల ఎత్తి ఒక్కసారి నా వైపు చూసి, మళ్ళీ మేడం వైపు తిరిగాడు.

“పుస్తకం నా కావలిల ఉంటది మేడం. జవాబుదారి నేనే.”

“మీరే చింపిన్రా?”

“జవాబుదారి నేనే అంటున్న.”

గిర్దావరు గొంతు పెంచాడు. “విచారణకు రావాల్సిన కాయితం మాయం చేస్తే కేసైతది, తెలుసా? అంగీ వేసుకుంటే చట్టం ఊకోదు.”

మేడం చెయ్యి ఎత్తి ఆయన్ను ఆపింది. కొంచెం మెత్తగా అన్నది: “పాస్టర్ గారూ, ఈ పిల్ల పుట్టిన్నాడు మీరు ఈ ఊర్ల లేరు. పుస్తకంల కాయితం లేదు. నాకు తెల్వదు అని రెండు ముక్కలు రాసియ్యండి. నేను ఫైలు మూసేస్త.”

చూశారా. నేను అడిగింది అదే. సర్కారే నోరు తెరిచి ఇస్తోంది. ‘నాకు తెల్వదు’ అనే రెండు మాటలు, నా పిల్ల ముప్పై ఏళ్ళ బతుకు. ఫ్యాను కింద కాగితాలు కొట్టుకుంటున్నాయి. అనయ్యా, అను, అని లోపల అరుస్తున్నాను.

“తెలుసు మేడం,” అన్నాడు అయ్యగారు. “నెల నెలా నా చేత్తోనే సంస్కారపు రొట్టె తీసుకుంటది. తెల్వదని ఎట్ల రాయాలె?”

“అయితే ఈ కాయితం సంగతేంది? కేసు రాయమంటరా?” గిర్దావరు కలం తీశాడు.

రాస్తాడు. కేసైతే అయ్యగారి అంగీ పోతుంది, జీపు ఆగుతుంది. ఆయన నా పేరు చెప్పడు. ఎంత కొట్టినా చెప్పడు. నాకు తెలుసు. నేను నోరు మూసుకుంటే పిల్ల ఉద్యోగం మిగులుతుందా? అప్పటికే ఆయన తెలుసని అన్నాడు. కానీ కాగితం లేని నోటిమాట, కోర్టులో ఎటైనా తిరగొచ్చు. కొట్లాడొచ్చు. ఇంకా దారి ఉంది. నేను గోడకు ఆనుకుని, ఈ లెక్క వేస్తూనే ఉన్నాను.

“తాతా,” అన్నది పిల్ల, నా తలపాగా చూపిస్తూ. “రుమాలు తియ్యి.”

నేను కదల్లేదు.

“పొద్దుగాల ప్రార్థనల తియ్యలే నువ్వు. పుట్టి బుద్ధెరిగినకాడికెల్లి ఎన్నడన్న రుమాలుతోని ఆమెన్ అన్నవా? తియ్యి తాతా.”

మా చర్చిలో మగవాడు తలపాగాతో ప్రార్థన చెయ్యడు. ఆదివారం కిటికీ గూళ్ళలో వరసగా తలపాగాలే ఉంటాయి. అరవై ఏళ్ళుగా దేవుడి పేరు వినపడితే నా చెయ్యి దానంతట అదే తల మీదికి పోతుంది. ఆ పొద్దున పోలేదు. ఇద్దరూ చూశారు. ఇద్దరూ బాట పొడుగునా ఒక్క మాట అనలేదు.

తలపాగా విప్పాను. కాగితం చెమటకు తడిసి మెత్తగా ఉంది. మేడం బల్ల మీద పెట్టాను. “చింపింది నేను. అయ్యగారికి తెల్వది. రాసుకో,” అన్నాను గిర్దావరుతో.

ఆయన గబుక్కున కాగితం అందుకుని మడత విప్పాడు. ఒక పక్క చూశాడు, తిప్పాడు. అప్పుడు నేనూ చూశాను. రెండు పక్కలా కలిపి పన్నెండు వరసలు. పన్నెండు మంది పిల్లలు. పన్నెండు చర్చి పేర్లు, పక్కనే పన్నెండు బడి పేర్లు. అందులో ఒకడు ఇప్పుడు బడిలో సారు. ఒకామె బస్సు కండక్టరు. ఒకడు కానిస్టేబుల్ పరీక్ష రాసి ఫలితం కోసం చూస్తున్నాడు. కిటికీ బయట తలలు కనపడ్డాయి. చింతచెట్టు కిందివాళ్ళు ఎందుకు వచ్చారో అప్పుడు అర్థమైంది. నేను ఒక పేరు దాద్దామని పన్నెండు పేర్లను విడదీసి, మడతపెట్టి, సర్కారు చేతిలో పెట్టాను.

గిర్దావరు వేలు రెండో వరస మీదికి పోతోంది. అయ్యగారు కాగితాన్ని ఆయన చేతిలోంచి లాక్కోలేదు. బల్ల మీద పరిచి, అట్టముక్క దాని మీద పెట్టాడు. కోసిన కిటికీలోంచి మా పిల్ల వరస ఒక్కటే కనపడుతోంది. అట్టకు అటూ ఇటూ రెండు అరచేతులూ ఆనించి నిలబడ్డాడు.

“నోటీసుల ఉన్నది ఒక్క పేరు మేడం. మిగిలినోళ్ళను మీరు పిలువలే.”

“చేతులు తియ్యండి,” అన్నాడు గిర్దావరు.

“తియ్య సార్.”

“ప్రభుత్వం పని అడ్డుకుంటున్నరు మీరు.”

“పని కానియ్యున్రి. ఆ వరస చదువుకోన్రి. నేను అడ్డం వచ్చింది మిగిలిన పదకొండుకే.”

సన్నటి మనిషి అన్నాను కదా. అయినా అరచేతులు లేవలేదు. మేడం ఆ చేతులనే చూస్తూ ఉంది. ఎదురింటి ఆయన తల దించుకుని తన పాదాలు చూసుకుంటున్నాడు. ఆయన అన్నయ్య కొడుకు పేరు కూడా ఆ కాగితంలో ఉంది.

“ఆ ఒక్క వరస రాసుకో,” అన్నది మేడం చివరికి. “పుస్తకం పాతది, కాయితం ఊడింది, పిల్ల తాత తెచ్చి ఇచ్చిండని రాయి.”

గిర్దావరు పళ్ళు కొరుకుతూ రాసుకున్నాడు. మా పిల్ల సంతకం చేసింది.

తిరుగుదారిలో ఎదురింటి ఆయనకు బస్సు లేదు. అయ్యగారు ఆయన్ను తెచ్చి ముందుసీట్లో కూర్చోబెట్టాడు! పిల్ల ఎప్పుడూ కూర్చునే సీట్లో. నేను వెనక కూర్చుని ఎంతసేపు ఓర్చుకుంటాను?

“సల్లగున్నదా తమ్మీ? నా పిల్ల కూట్లె మన్ను పోసినవు, సల్లగున్నదా?”

“పెద్దయ్యా,” అన్నాడు అయ్యగారు తిరిగి చూడకుండా, “జీపుల తగాదా ముచ్చట వద్దు.”

“తీస్త! ఏం చేస్తరు? దింపుతరా? దింపున్రి!”

జీపు ఆగింది. నిజంగానే ఆగింది. కేతేపల్లి బాటలో, చెట్టు నీడ కూడా లేని చోట. దిగాను. నాకూ రోషం ఉంది. పిల్ల కూడా నా వెనకే దిగింది. జీపు పోయింది. ఇద్దరం నడిచాం. రెండు కోసుల దూరం.

చాలాసేపటికి అడిగాను. “నాకు ముందుగాల ఎందుకు చెప్పలే?”

“చెప్తే రిజిస్టరు బాయిల ఏస్తవని.”

“ఏసేటోన్నే.”

“అందుకే నేను, అయ్యగారు ఇద్దరమే అనుకున్నం. ఒక్క వరస చూపించి, మిగిలినయి కప్పాలని అట్ట గూడ నేనే కోసిన.”

“ఉద్యోగం పోయింది గదనే పిచ్చిదానా!”

పిల్ల చున్నీ తల మీదికి లాక్కుంది. “తాతా, దాచుకుంటే ఉద్యోగం ఉంటది. రేపు బదిలీ అడిగితే ఒకడు, ఎల్లుండి ప్రమోషన్ వస్తే ఇంకొకడు, ఫోన్ల నీ ఫ్లెక్సీ తీసి చూపిస్తడు. ముప్పై ఏండ్లు వణుక్కుంట సూదులు ఇయ్యాల్నా నేను? నరం దొరకద్దా?”

నేను తలపాగా సర్దుకుని ముందుకు నడిచాను. ఆమె చెప్పింది ఒప్పుకున్నానని కాదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు. మనిషి తన పేరు తాను చెప్పుకుంటే కూడు పోయే ఏర్పాటు ఎవడు చేశాడో, వాణ్ణి బల్ల ముందు నిలబెట్టి అడగాలి. నా పిల్లను నిలబెట్టారు.

కులం కాగితం రద్దయింది. ఉద్యోగం ఎదురింటి పిల్లకు పోయింది. మా పిల్ల ఇప్పుడు నకిరేకల్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో చేస్తోంది, సర్కారు జీతంలో సగం కూడా రాదు. చింపిన కాగితాన్ని నేనే అన్నం మెతుకులు మెదిపి రిజిస్టరులో అంటించాను. అయ్యగారు పక్కన నిలబడి, అంచు వంకర పోకుండా పట్టుకున్నాడు. తిట్టలేదు. తాళంచెవులు తీసుకోలేదు. తీసుకుంటే బాగుండేదనిపించింది.

ఇప్పుడు పసిపిల్లలను ఎత్తుకొచ్చే తల్లులు వాకిట్లోనే అడుగుతారు. “అయ్యగారూ, నీళ్ళు పొయ్యున్రి గని, పుస్తకంల ఎక్కియ్యకున్రి.” ఆయన కాదంటాడు. రాయకుండా పొయ్యనంటాడు. కొందరు సరేనంటారు, కొందరు పిల్లను మళ్ళీ భుజానేసుకుని వెనక్కి పోతారు. పోయేవాళ్ళను నేను తప్పుపట్టను. ఆయన మాత్రం గడప మీద నిలబడి, వాళ్ళు వాడ మలుపు తిరిగేదాకా చూస్తాడు.

ఎదురింటి ఆయనకు ఈమధ్య దారిలోనే కళ్ళు తిరుగుతున్నాయి. అందుకని శుక్రవారం మా పిల్ల సెలవు పెట్టుకుని జీపులో తోడు పోతోంది. వాళ్ళ బిడ్డకు డ్యూటీ, రాలేదు. మొన్న శుక్రవారం ఆయన సీట్లో కూలబడి, ఆమె వైపు చూడకుండా అన్నాడు:

“బిడ్డా, నీ జాగల నా బిడ్డ కూసున్నది. నువ్వేమో నన్ను మోస్తున్నవు.”

“చెయ్యి చాపు తాతా, బీపీ చూడాలె,” అన్నది పిల్ల. “మాట్లాడితే ఎక్కువ చూపిస్తది.”

నేను తాడు దగ్గర ఉన్నాను. గంట కొట్టాను. మూడు దెబ్బలూ కొట్టాను, పావురాలు లేచిపోయేటట్టు.

అయ్యగారు జీపులోంచి తల బయటపెట్టాడు. “పెద్దయ్యా, జర మెల్లగ కొట్టు. పాత గంట, దెబ్బకు పలుగుతది.”

“పలగనియ్యున్రి,” అన్నాను.